రేవు దొరకని పడవ

మా బావ నల్లగొండ పల్లె నుంచి వచ్చి లారీలు తిప్పి చంపాపేటలో ఇల్లు కట్టాడు. కింద అక్కా బావా, వెనక గదిలో నేను, పై వాటాలో కిరాయికి ఒక లెక్కల మాస్టారు. మాస్టారిది గుంటూరు జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ చెప్పేవారు. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక నా ఆఫీసుకు తాళం పడింది, ఆయన క్లాసులు ఆగాయి, బావ లారీలు నిలిచిపోయాయి. ఇక ముగ్గురికీ మిగిలిన పని ఒక్కటే. సాయంత్రం మెట్ల మీద కూర్చుని రాష్ట్రాన్ని పంచుకోవడం.

నీళ్లు, కరెంటు, ఉద్యోగాలు పంచేశాక ఒకరోజు సముద్రం దగ్గర ఆగాం.

"ఏదైనా తీసుకోండి అన్నగారూ, సముద్రం మాత్రం మాదేనండీ" అన్నారు మాస్టారు.

"ఉంచుకో సార్, మేం గుంజుకుంటమా? కాని ఒక్కసారి చూపియ్యి. నేను గాలమేస్త" అన్నాడు బావ.

అది అక్కడితో పోతుందనుకున్నాను. రెండో రోజుకు బావ తెలిసినవాళ్ల దగ్గర పాత గాలి పడవ ఒకటి సంపాదించాడు. ఎర్రటి రబ్బరు పడవ, కాలితో తొక్కి గాలి కొట్టాలి. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన దాన్ని ఉబ్బించి ముగ్గురం కూర్చుని చూశాం. మునగలేదు. రెండు గాలం కర్రలతో, అక్క కట్టిచ్చిన పులిహోరతో బావ జీపులో మాస్టారి జిల్లా తీరానికి బయలుదేరాం.

మొదట అందరూ స్నానాలు చేసే బీచికి వెళ్లాం. పడవకు గాలి సగం కొట్టామో లేదో కానిస్టేబుల్ వచ్చాడు.

"ఇక్కడ స్నానాలకేనండీ. పడవలు దింపకూడదు. హార్బరుకెళ్లండి."

హార్బరు గేటు దగ్గర కాపలాదారు లోపలికి రానివ్వలేదు. వేటకెళ్లే పడవలకే తప్ప సరదాగా వచ్చినవాళ్లకు దారి లేదన్నాడు.

బావ మాస్టారి భుజం తట్టాడు. "సముద్రం నీదంటివి కద సార్. జర గేటు తెరిపియ్యి."

మాస్టారు చొక్కా సర్దుకుని ముందుకెళ్లారు. "మాదీ ఈ జిల్లానేనండీ."

"ఏ ఊరండీ?"

"నరసరావుపేట పక్కన."

"అటునించి మిరపకాయలొస్తాయి గానీ పడవలెప్పుడూ రాలేదండీ" అన్నాడు కాపలాదారు. అన్నాక, మా బండి మీద పడవను చూసి, "అయినా మీ హైదరాబాదోళ్లకి ఈ గొడవల్లో ఇదేం సరదా అండీ?" అని అడిగాడు.

సొంత జిల్లాలో తనను హైదరాబాదీని చేసినందుకు మాస్టారు గిర్రున తిరిగొచ్చి జీపెక్కి కూర్చున్నారు. బావ ఆయన్ను ఓదార్చాడు. "పోనీ సార్. సముద్రం మీదే. మిమ్మల్ని కూడ రానిస్తలేరు, గంతే."

ఆ పక్క ఒక రిసార్టుకు చక్కటి చెక్క రేవు ఉంది. గది తీసుకుంటేనే దాని మీద కాలు పెట్టనిస్తారట. చివరికి జాలరి పల్లెకు చేరాం. అక్కడ ఎవరూ మమ్మల్ని ఆపలేదు. చేపలు ఎండబెడుతున్న ఒకావిడ మా పడవను వేలితో నొక్కి చూసి ఫక్కున నవ్వింది.

"ఈ బుడగేసుకుని కెరటం దాటతారా? ఉప్పుటేరులో దించుకోండయ్యా, అక్కడ నీళ్లు కుదురుగుంటాయి."

ఉప్పుటేరులో నీళ్లు నిజంగానే కుదురుగా ఉన్నాయి. బావ వేసిన గాలానికి ఒక జెల్ల చేప పడింది. కొక్కెం తీయబోతే దాని ముల్లు బొటనవేలిలో దిగి, ఆయన నల్లగొండ తిట్లన్నీ సముద్రానికి వినిపించాయి. మాస్టారి గాలానికి నా చొక్కా తప్ప మరేదీ తగల్లేదు. ఈ హడావిడిలో ఆటు వచ్చి నీళ్లు వెనక్కు పోవడం మేం చూసుకోలేదు. చూసుకునేసరికి పడవ బురదలో కూర్చుంది. దిగితే మోకాళ్ల దాకా కూరుకుపోతున్నాం. మళ్లీ పోటు వచ్చేదాకా ఆ బురదలోనే కూర్చుని పులిహోర తిన్నాం. చంద్రుడు నీళ్లను ఎలా లాగుతాడో మాస్టారు వివరించారు. బావ వేలు చప్పరిస్తూ విన్నాడు.

మర్నాడు పడవను గాలితోనే జీపు మీద కట్టుకుని తిరిగొస్తే ఎల్బీనగర్ చౌరస్తాలో దారి బంద్. తెలంగాణ కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. విద్యార్థులు జీపును చుట్టుముట్టారు.

"సార్, నువ్వు నోరిప్పకు" అని బావ చెప్తూనే ఉన్నాడు. భయంతో మాస్టారు అందరికంటే ముందు, బావ యాసలో నోరిప్పారు.

"మేం గీ పక్కకే పోతున్నమండీ!"

ఆ చివరి 'అండీ'కి కుర్రాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లలో ఒకడు జీపు పైకి చూసి, "గిదేంది కాకా? పడవా?" అని అడిగాడు. బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. సముద్రంలోకి ఎక్కడా దింపనియ్యలేదన్నాడు.

"మేం దింపుతం కాకా!"

చెప్పినంత పనీ చేశారు. నలుగురు తలో మూలా పట్టి పడవను నడిరోడ్డు మీద దింపారు. ఏ గేటూ లేదు, ఎవరి అనుమతీ లేదు. బావనూ మాస్టారినీ అందులో కూర్చోబెట్టి జై తెలంగాణ అన్నారు. మాస్టారు కూడా అన్నారు. పక్కన బావ మోచెయ్యి పొడుస్తోంది మరి. తరవాత ఇద్దరి చేతుల్లో వేడివేడి కిచిడీ పళ్లాలు పెట్టారు. మాస్టారు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

తింటుండగానే పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి పడవ అంచు మీద పడింది. సన్నగా ఈల వేస్తూ గాలి పోసాగింది. పళ్లాలు వదలకుండానే ఇద్దరూ మెల్లగా రోడ్డు మీదికి దిగిపోయారు.

ఆ రబ్బరు మళ్లీ అతకలేదు. బావ దాన్ని లారీ ఇంజను మీద కప్పడానికి వాడుకున్నాడు. క్లాసులు మొదలయ్యాక మాస్టారు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర దిగితే టీ కొట్టు ముందున్న ఆ చౌరస్తా కుర్రాళ్లు "నమస్తే పడవ సార్" అని పలకరించేవారు. ఆయన ఆగి, వాళ్లతో ఒక టీ తాగి, తీరుబడిగా క్లాసుకు వెళ్లేవారు.