శూలానికి కట్టిన రెండు పూలు

కావేరిపట్టణం దగ్గరి మామిడి నర్సరీలో అంటు కట్టే బైరప్ప చేతికి తిరుగులేదు. అతను కట్టిన అంటు పట్టలేదన్నవాడు ఇంకా పుట్టలేదు. మనసు విషయానికొస్తే మాత్రం అయ్యగారు ఒట్టి అయోమయం. మేనమామ కూతురు కలైసెల్వి మట్టి సంచులు నింపడానికి పక్కన కూర్చుంటే చేతిలో కత్తి ఆగిపోయేది. నీళ్ల ట్రాక్టరు తోలే తిలక్ వచ్చి దిగినా ఆగిపోయేది. నాలో ఏదో చెడిపోయింది దేవుడా అని ఏళ్ల తరబడి కుమిలిపోయాడు పాపం.

2003లో, పూత కాలంలో, హార్టికల్చర్ మేడమ్ ఒకామె నర్సరీకి వచ్చి పూతగుత్తిని భూతద్దం కింద చూపించింది.

"ఇవి ఉత్త మగపూలు. దీంట్లో ఆడ, మగ రెండూ ఉన్నాయి. ఇది బైసెక్సువల్ పువ్వు. కాయ కాసేది ఇదే."

అంతటితో ఊరుకుందా? ఆ మాట మొదట మొక్కలకూ జీవాలకూ వాడేవారనీ, తరవాత మనసు డాక్టర్లు దాన్ని మనుషులకు తెచ్చారనీ చెప్పింది. మనుషుల్లో అది ఒంటి సంగతి కాదట, మనసు సంగతట. ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా మనసుపడేవాళ్లను అలా అంటారట. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. బైరప్ప నవ్వలేదు. తనలాంటివాళ్లకూ ఒక పేరుందన్నమాట! ఆ పూట సంతోషం పట్టలేక రాగిముద్ద ఇంకొకటి వేయించుకుని తిన్నాడు.

ఆ సంతోషం మీద వాళ్లమ్మ పుట్టమ్మ నీళ్లు చల్లింది. "నీకూ కలైసెల్వికీ పెండ్లి చేస్తామురా. శుక్రవారం మారెమ్మను పువ్వు అడుగుదాము."

శూలానికి కుడిపక్క పెట్టిన పువ్వు రాలితే తల్లి సరేనన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. బైరప్ప ఎటూ తేల్చుకోలేకపోయాడు. కలైసెల్వి లేకుంటే అతనికి బతుకే లేదు. సంగతి చెప్తే ఛీ కొడుతుందేమో. చెప్పకుండా కట్టుకుంటే మోసం కదా!

శుక్రవారం గుడిలో ముసలి పూజారి అంజనప్పకు చేతులు వణికాయి. "నువ్వే పెట్టప్పా" అని పూలు బైరప్పకే ఇచ్చాడు. అదే కొంప ముంచింది. అందరూ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు, ఆనక కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నారు. పూలు కదిలితేనా! కర్పూరం అయిపోయింది. పూజారి కునుకు తీశాడు. పుట్టమ్మ ముందు బతిమాలింది, తరవాత కసిరింది. "పలకవేమే తల్లీ! నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

కలైసెల్వి లేచి శూలం దగ్గరికెళ్లి చూసి కిసుక్కున నవ్వింది.

"బావా, ఈడికి రా."

రెండు తొడిమలూ అంటు కట్టే ప్లాస్టిక్ పట్టీతో శూలానికి బిర్రుగా కట్టి ఉన్నాయి! జేబులో పట్టీ, చేతిలో తొడిమ. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

"భయపడి కట్టినావా?"

"తెలీకుండానే కట్టేసినానమ్మే. భయం కూడా ఉండాది." తిలక్ సంగతీ, మేడమ్ చెప్పిన మాటా గుసగుసగా చెప్పేశాడు.

"ఆ మాట తెలీదుగానీ, సంగతి తెలుసులే. తిలకప్ప వస్తే నీ కత్తి ఆగేది చూసినాను. నేనొస్తే ఆగేదీ చూసినాను. కట్టు యాడ కడతావో అది చెప్పు."

"ఈడనే, నీతోనే," అన్నాడు బైరప్ప.

ఆమె అత్తకు కనబడకుండా పట్టీ విప్పి, రెండు పూలూ తలలో తురుముకుంది. "అత్తా, రెండూ రాలినాయి!"

"రెండూనా? అంటే ఏమనే?"

"రెండూ ఇష్టమేనంట. పెండ్లి మాత్రం నాతోనంట."

పుట్టమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పూజారిని తట్టి లేపి, కొబ్బరికాయ కొట్టించింది.