అక్క మార్చుకురమ్మనని చీర

ఈ రోజు పొద్దున చౌడేపల్లెలో మా అక్క పోయింది. పుట్టింటి చీర కప్పాల్సిన తమ్ముణ్ణి కాబట్టి పుంగనూరు వెళ్లి బట్టలంగడి ఎక్కాను. నేను ఏ పండక్కి చీర తెచ్చినా, మెరిసే బట్టలో తానింకా నల్లగా కనబడతానని అక్క మార్చుకురమ్మనేది.

అంగడాయన జిగేల్మనే పట్టుచీర పరిచాడు.

"మనిషి నలుపప్పా. మెరిసేది వద్దు," అన్నాను.

"అట్లయితే ఈ తేనెరంగు నేతచీర సూడు. కొంచెం గరుకుగా ఉంటాది, మెరవదు. మొకానికి కళొస్తాది. ఆయమ్మకి నచ్చకుంటే రేపు మార్చుకుందువులేప్పా."

తలూపాను. వీధిలోకి తెచ్చి ఎండలో రెండుసార్లు చూసుకున్నాను.

కప్పాక చూస్తే, అక్కకు నిజంగానే నప్పింది. చీరలు తెచ్చి మీరెన్ని చీవాట్లు తిన్నారో కింద కామెంట్లలో రాయండి. నా ముప్పై ఏళ్ల కొనుగోళ్లలో అక్క మార్చుకురమ్మననిది ఇదొక్కటే.