స్తంభం లేని చర్చిలో దీనమ్మ పాట

సుబేదారిలో జాకెట్లు కుట్టే దీనమ్మకు ఈ లోకంలో ఒకే ఒక్క గర్వం ఉంది, అది తన గొంతు. బయట ఆ గొంతును ఎవరూ ఖాతరు చేయరు. రెండుసార్లు పిలిస్తే గానీ కూరగాయలవాడు కూడా ఆగడు. కానీ ఆదివారం చర్చిలో లేచి మొదటి కీర్తన ఎత్తుకుందంటే, ఆ గొంతు కప్పు దాకా పోయి, అక్కణ్ణించి పదిమందిని వెంటబెట్టుకొని దిగి వచ్చేది. హసన్‌పర్తి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అది విని ఆమే బెదిరిపోయింది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు వారమంతా మిషన్ తొక్కేది ఆ కాసేపటి కోసమే.

ఆ చర్చి అరవైల్లో కట్టింది. బోర్లించిన దోనెలాంటి సిమెంటు కప్పు, ఒక్క స్తంభం ఆసరా లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు వంగి ఉంటుంది. గోడల నిండా సిమెంటు జాలీలు. పొద్దున పూట వాటిలోంచి వెలుగు నేలమీద ముగ్గులు పెడుతుంది. మరో ఊళ్ళో ఉంటే పేరొచ్చేదేమో. వేయి స్తంభాల గుడి ఉన్న ఊళ్ళో ఒక్క స్తంభమూ లేని చర్చిని చూడడానికి ఎవరొస్తారు? పైగా వానాకాలం రెండుచోట్ల కారేది.

ఆ కారడాన్ని పట్టుకున్నాడు రత్నం. దీనమ్మ మొగుడే, చర్చి కమిటీ సెక్రటరీ. ఎక్కడో ఫంక్షన్ హాల్లో ఫాల్స్ సీలింగ్ చూసి మనసు పారేసుకున్నాడు.

"పైన కారుతాంటే కింద అట్టలు కొట్టుడేందయ్యా? పైననే రిపేర్ చేయించున్రి" అంది దీనమ్మ.

"నీకు ఎర్క లేదు ఊకో. గిప్పుడు అంతట గదే నడుస్తాంది. లైట్లు పెడితే పెండ్లిళ్ళకు మస్తుంటది."

"పెద్దలు కట్టిన గుడి. ఇసొంటిది మళ్ళ ఎవరన్న కడ్తరా?"

"పాత సిమెంటు మీద ఇంత పాయిరమేందే నీకు" అని నవ్వాడు రత్నం.

అసలు సంగతి ఆమె చెప్పలేకపోయింది. నా గొంతు బాగుంటుంది కాబట్టి కప్పును ముట్టుకోకండి అని దేవుని మందిరంలో ఎట్లా అడగడం? అది గర్వం కిందికి వస్తుంది.

సంఘం ఎటూ తేల్చలేదు. సీలింగ్ వేస్తే ఎట్లుంటుందో కళ్ళారా చూపిస్తానని రత్నం టెంట్ హౌస్ నుంచి తెల్లబట్ట తెప్పించి, కప్పు కనపడకుండా ఆ చివర నుంచి ఈ చివర దాకా కట్టించాడు.

ఆ ఆదివారం దీనమ్మ పాట ఎత్తుకుంది. గొంతు పైకి పోయింది, బట్టలో ఇంకిపోయింది, తిరిగి రాలేదు. మిగిలింది నూనె వేయని మిషన్ కీచు. ఇదా తన గొంతు అనుకుంది. రెండో చరణం దగ్గర కూర్చుండిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు ఎట్లాగో పాట గట్టెక్కించారు. ఆమె మాత్రం కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

తర్వాత డేవిడ్ అయ్యగారు ప్రసంగానికి లేచాడు. ఆ కప్పు కింద మాట్లాడడం అంత తేలిక కాదు. ఒక మాట అని, అది పైకి పోయి వచ్చేదాకా ఆగి, ఇంకో మాట అనాలి. తొందరపడితే రెండు మాటలూ గాల్లో గుద్దుకుంటాయి. అందుకే ఇన్నేళ్ళూ వచ్చిన అయ్యగార్లంతా నాలుగు ముక్కలు చెప్పి ముగించేవారు. అది వాళ్ళ నిగ్రహమని సంఘం నమ్ముతూ వచ్చింది.

ఆ రోజు అయ్యగారి మాటకు అడ్డు లేదు. ఆదాముతో మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటినా నోవహు ఓడలోకి జంతువులు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. ఇండ్లల్లో వండిపెట్టి వచ్చిన కోడికూర అందరి కళ్ళల్లో ఆడింది. సెక్రటరీ కాబట్టి రత్నం ముందు బెంచీ వదిలి లేవలేడు. షుగర్ మనిషి, చాక్లెట్ కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

ప్రసంగం అయిన వెంటనే సీలింగ్ సంగతి తేల్చే మీటింగ్. అందరికంటే ముందు లేచింది రత్నమే.

"ఇది పెద్దలు కట్టిన గుడి. ఇసొంటిది మళ్ళ ఎవరన్న కడ్తరా? పైన రిపేర్ చేయిద్దాం. లోపల మాత్రం చెయ్యి పెట్టొద్దు."

లేవని చెయ్యి లేదు. తన ప్రసంగం విని సంఘానికి పాత కట్టడం విలువ తెలిసివచ్చిందని అయ్యగారు మురిసిపోయాడు.

సాయంత్రానికి బట్ట విప్పేశారు. దీనమ్మకు మాత్రం సంతోషం లేదు.

"ఇగ పాట నేనెత్తుకోను. ఆ గొంతు నాది కాదయ్యా, కప్పుది."

"నాకెర్కనే. పెండ్లయినకాంచి ఇంట్ల వింట లేనా?" అన్నాడు రత్నం అన్నం కలుపుకుంటూ.

"మరి ఎందుకు చెప్పలే?"

"అక్కడ మంచిగనే ఉంటది గద. ఎందుకు చెప్పాలె?"

వారమంతా అతనితో సరిగ్గా మాట్లాడలేదు. ఆదివారం వచ్చింది. కీర్తన వేళకు అందరూ అలవాటుగా ఆమె వైపే చూశారు. ఎత్తుకోనన్న మాట దీనమ్మ మరచిపోలేదు. అయినా లేచింది. మొదటి మాట పాడి, ఆగింది. పైనుంచి జవాబు వచ్చింది. ఇన్నేళ్ళూ ఒంటరిగా పాడుతున్నాననుకున్న మనిషి, ఆ పూట తోడుతో పాడింది.