పాస్టరమ్మగారి చేతిలో చీపురు

నిన్న రేషను బియ్యంలో ఉప్పుడు బియ్యం కలిపి వండేను. సగం జావైపోయింది, సగం పలుకుండిపోయింది. నాన్నకి పని పోయిన ఏడు మా ఇంట్లో రోజూ అలాటి అన్నమే.

హిందీవోళ్ళ ఊరు గోవింద్‌పూర్‌లో మా తెలుగు చర్చికి ఆడోళ్ళందరూ ఎవరింట్లో రకం ఆళ్ళు పిడికెడు బియ్యం తెచ్చి బుట్టలో పోసీవోరు. ప్రార్థన అయ్యాక పాస్టరమ్మగారు "మరియమ్మా, నువ్వుండి తుడిసెల్లు" అనీది మా అమ్మతో. "నీ అమ్మ ఝాడూవాలీ, చీపురుది" అని పిల్లలు ఏడిపించీవోరు. నేను అమ్మ పక్కన నడవడం మానీసేను.

ఓ ఆదివారం చెప్పులు మర్చిపోయి వెనక్కెళ్తే పాస్టరమ్మగారే తుడుత్తంది. అమ్మ బుట్టలో బియ్యం కొంగున కట్టుకుంతంది. అమ్మ తుడిచింది నచ్చక ఆవిడ మళ్ళీ తుడుత్తందనుకున్నాను. నన్ను చూసి ఆవిడ గబుక్కున చీపురు అమ్మ చేతిలో పెట్టీసింది. "మీ అమ్మ ఎంత బాగా తుడిసిందో సూడే! ఆ బియ్యం దాని కూలి" అంది.

"ఏటి, మా అమ్మ మీకు పనిమనిసా?" అని అరిచీసేను.

"తప్పేనమ్మా" అని ఆవిడ తల దించుకుంది.

మా ఆయన పోయి, నేనూ ఒకరి ముందు కొంగు పట్టినాకే తెలిసింది. కూతురి ముందు మా అమ్మ ముష్టిది కాకూడదనే, తుడుపు వంకన బియ్యమిచ్చి, పాస్టరమ్మగారు నా చేత ఆ మాట పడింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.