గవరమ్మ సీసాలో చెల్లని కాసులు

గవరమ్మ హార్లిక్స్ సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చిన పూట నేను పాత నాణేలు అమ్మే సైటులో ఒక ఫోటో ఎక్కిస్తున్నాను. అది 2019. సముద్రం కింద ఇంటర్నెట్ కేబులు ఇంకా పడలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఫోటో ఎక్కేలోపు కుక్కరు నాలుగు కూతలు కూసి చల్లారిపోయేది కూడా. నా పేరు గురునాథం. హార్బరు దగ్గర ఒక సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై, ఏళ్ళుగా అద్దెకున్న డైరీ ఫార్మ్ పేటలోనే ఇల్లు కట్టుకున్నాను. రిటైరైన మగాడికి ఏదో ఒక పిచ్చి లేకపోతే వంటింట్లోకొచ్చి పోపులో ఆవాలు లెక్కపెడతాడని మా ఆవిడ శారదాదేవి భయం. అందుకే నా నాణేల పిచ్చిని దగ్గరుండి పెంచింది.

ఆ సైటులో నా పేరు పక్కన నాలుగున్నర నక్షత్రాలుంటాయి. ఆ పోయిన సగం సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాణేలు కొనేవాళ్ళంత చాదస్తులు ఈ లోకంలో లేరు. ముందు వైపు చూపించు, వెనక వైపు చూపించు, అంచు చూపించు, బరువెంత, గీత ఎక్కడ పడింది, ఎందుకు పడింది అని అడుగుతారు. పిల్లనిచ్చేటప్పుడు కూడా మా మావగారు నన్ను ఇన్ని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని శారద అంటుంది.

గవరమ్మ చేపల తట్ట దించి, సీసా నా ముందు పెట్టింది.

"ఏటి బాబూ, సెల్లని కాసులకి డబ్బులిత్తన్నారట. సచ్ హై క్యా? జెట్టీ కాడ ఫోన్లో సూపించినారు. ట్రాక్టరు బొమ్మ నోటుకి లచ్చలంట."

"అవన్నీ అబద్ధాలు గవరమ్మా."

"అబద్దమైతే మీరు పొద్దస్తమానం ఏటి సేస్తన్నట్టు?"

లోపల శారద నవ్వింది. నేను కళ్ళజోడు సర్దుకుని సీసా చేతిలోకి తీసుకున్నాను.

గవరమ్మ గురించి కాస్త చెప్పాలి. భీమిలి పక్క పల్లెపిల్ల. పదిహేనో ఏట నూకన్నను పెళ్ళాడి, 1971లో విశాఖపట్నం రేవులో ఓడెక్కింది. దారంతా డెక్కు మీద వాంతులు చేసుకుంటూనే ఉంది. ఓడ దిగగానే, మళ్ళీ ఆ ఓడెక్కితే ఒట్టు అని నూకన్నతో అందట. మాట అంటే మాటే. పుట్టింట్లో రెండు పెళ్ళిళ్ళకీ ఒక చావుకీ కూడా వెళ్ళలేదు. జంగ్లీఘాట్‌లో పాక వేసుకున్నారు. నూకన్న వేటకెళ్ళేవాడు, ఈవిడ తట్ట నెత్తిన పెట్టుకుని డైరీ ఫార్మ్ ఇళ్ళ చుట్టూ తిరిగేది. తెలుగువాళ్ళతో తెలుగు, మిగతావాళ్ళతో హిందీ, పోలీసులతో రెండూ కలిపి తిట్లు. నూకన్న పోయి పదేళ్ళయింది. తట్ట మాత్రం దిగలేదు.

చేపలమ్మేవాళ్ళందరిలాగే గవరమ్మకూ కొసరు వేసే అలవాటుంది. తూకం అయ్యాక తట్టలోంచి నాలుగు నెత్తళ్ళో రెండు రొయ్యలో తీసి పళ్ళెంలో పడేసి "కొసరు" అనేది. నాకు మాత్రం ఏళ్ళ తరబడి వేసేది కాదు. తూకం అంటే తూకమే. ఆఫీసులో పైసా తేడా రానివ్వని మనిషినని నా మీద ఆవిడకి గౌరవమని, లెక్క మనిషికి కొసరెందుకని ఆవిడ ఉద్దేశమని, నేను శారదకి చాలాసార్లు చెప్పాను. "ఉద్దేశాలు మనకెందుకు, నెత్తళ్ళు వేస్తే వేపుకునేదాన్ని" అని శారద సణిగేది.

ఇంతకీ సీసాలో ఉన్నవి ఏమిటంటే, ఈ నలభై ఎనిమిదేళ్ళలో డైరీ ఫార్మ్ పెద్దమనుషులు గవరమ్మకి అంటగట్టిన చెల్లని కాసులు. మొత్తం నలభై ఒకటి. రాజు బొమ్మ నాణేలు, బర్మావి, కంపెనీవాళ్ళ పావు అణా, ఆఖరికి ఒక క్యాంటీను బిళ్ళ. చదువురాని మనిషి, పొద్దువాలాక చిల్లర చూసుకోదు, దులిపేద్దామనుకున్నవాళ్ళ జాబితా అన్నమాట. పారేయకుండా దాచింది. దాచడమే కాదు, ఏ కాసు ఎవరిచ్చారో, ఏ ఏడు, ఏ చేపకిచ్చారో ఒక్కటీ మరచిపోలేదు.

సీసా ఒకసారి తిప్పి చూశాను. అడుగున గాజుకి ఆనుకుని ఒక నాణెం ఉంది. దాని మీద ఒంటినిండా ముళ్ళున్న చేప బొమ్మ.

సింగపూర్ యాభై సెంట్లు. అది నేనిచ్చిందే.

1987లో ఓడ మీద పనిచేసే ఒకతను ఊరికే ఇచ్చాడు. మన పాత రూపాయి బిళ్ళంతే ఉంటుంది, బరువూ ఇంచుమించు అంతే. ముందు బస్సు కండక్టరుకి ఇచ్చి చూశాను. కళ్ళజోడున్న మనిషి కావడంతో తిరిగిచ్చేశాడు. కళ్ళజోడు లేనివాళ్ళెవరా అని ఆలోచించి గవరమ్మని ఎంచుకున్నాను. మా దీవుల్లో అయిదింటికే పొద్దు వాలిపోతుంది. ఆ మసకలో అయిదు రూపాయల కానాగంతలకి నాలుగు అసలు బిళ్ళలూ ఇదీ కలిపి ఆవిడ చేతిలో పోశాను. ఇంటికొచ్చి ఎంత తెలివైనవాడినో అని మురిసిపోయాను కూడా. ఆ కానాగంతల పులుసు బాగుంది.

ఇప్పుడు ఆ సీసాలోని నాణేల్ని ఒక్కొక్కటే అమ్మిపెట్టాల్సినవాణ్ణి నేను. డైరీ ఫార్మ్‌లో నాకున్న ఆస్తి ఆ ఇల్లూ, 'గురునాథంగారా, నిప్పు' అనే మాటా. ఇంటికి ఇప్పటికే చెదలు పట్టింది. ఉన్న ఆ ఒక్క మాటా పోతుందేమోనని నిజంగానే భయపడ్డాను.

"పైనుంచి మొదలెడదాం గవరమ్మా, రోజుకి రెండు చొప్పున," అన్నాను.

ఎంత లేదన్నా ఇరవై రోజులు దొరుకుతాయి. ఆ ఇరవై రోజుల్లో ఏ భూకంపమైనా రాకపోతుందా అని నా ఆశ.

రోజూ పొద్దున్నే తట్టతో ముందు మా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చునేది. నేను ఫోటో తీసి, వివరం ఇంగ్లీషులో రాసి, తెలుగులో పైకి చదివి వినిపించాలి. ఆవిడ ఒప్పుకుంటేనే సైటులోకి వెళుతుంది. మొదటిసారి 'అండమాన్‌లో దొరికిన పాత నాణెం' అని రాస్తే ఒప్పుకోలేదు.

"దొరకడమేటి? రోడ్డు మీద పడున్నాదా? ఇచ్చినోడు ఉన్నాడు కదా. రాయండి."

సరేనని రాశాను. 'ఈ పావు అణాని 1974లో ఒక ఇంజనీరుగారు అరకిలో వంజరం కొని మత్స్యకార స్త్రీకి అంటగట్టారు' అని. నాగపూర్ నుంచి ఒకాయన మూడు వందలకి కొని, ఇలాంటి కథలున్నవి ఇంకా ఉన్నాయా అని ఉత్తరం రాశాడు. అయిదేళ్ళుగా నేను బరువులూ కొలతలూ రాసి చస్తుంటే ఒక్కడూ ఉత్తరం రాయలేదు. గవరమ్మ చెప్పిన అయిదు ముక్కలకి జనం ఎగబడ్డారు. నా సగం నక్షత్రం కూడా తిరిగొచ్చింది.

ఆ సంబరంలో ఒక వెధవ పని చేశాను. కాలనీ వాట్సాప్ గ్రూపులో సైటు లింకు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే సిప్పీఘాట్ నుంచి మొదటి బస్సుకి సాంబశివరావుగారు దిగారు. మా పేట రిటైర్డు హెడ్మాస్టరు, సిప్పీఘాట్‌కి మకాం మార్చినా మా గ్రూపు మాత్రం వదల్లేదు. ఆయన బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించిన మనిషి. సైటులో ఆ వేళ ఉన్నది పులిబొమ్మ అర్ధరూపాయి. 'నీతి పాఠాలకి పేరుపడ్డ ఒక ఉపాధ్యాయుడు 1978లో సొర ముక్కలకి ఇచ్చినది' అని దాని కింద రాసి ఉంది. పేరు లేదు. ఉండక్కర్లేదు కూడా, డైరీ ఫార్మ్ మొత్తం మీద ఆ వర్ణనకి సరిపోయే మనిషి ఒక్కరే.

"ఆ నాణెం నేను కొంటాను గురునాథంగారూ," అన్నారు, గోడకేసి చూస్తూ.

"నూట ఇరవై పెట్టామండి."

"అయిదు వందలు. ఆ రాసింది మాత్రం తీసెయ్యండి."

అరుగు మీదున్న గవరమ్మ లేచి నిలబడింది. "మాస్టారుగోరూ, నమస్తే. బాగున్నారా? వంజరం తాజాగా ఉన్నాది."

ఆయన అయిదు వందలూ ఆవిడ చేతిలో పెట్టి నాణెం జేబులో వేసుకుని, బేరమాడకుండా కిలో వంజరం కూడా తీసుకున్నారు. గవరమ్మ తూచి, పైన నాలుగు నెత్తళ్ళు పడేసి "కొసరు" అంది. ఆయన తెల్లబోయి చూశారు.

"నువ్వు నాకెప్పుడూ వెయ్యవు కదా గవరమ్మా?"

"ఇప్పుడేసినాను కదా, తీసుకెళ్ళండి."

అయిదు వందలు చేతిలో పడితే ఎవరైనా వేస్తారులే అనుకున్నాను నేను. హెడ్ క్లర్కు బుర్ర కదా, అంతవరకే పనిచేస్తుంది.

ఆ తరవాత వారం రోజులు మా అరుగు ఖాళీగా లేదు. కలెక్టరు దగ్గరికి అర్జీలు పట్టుకెళ్ళినట్టు మొహాలు పెట్టుకుని వచ్చేవారు. తన కాసు ఏదో తెలిసినవాళ్ళు సరే, తెలియనివాళ్ళు కూడా వచ్చి "నాదేమైనా ఉందా గవరమ్మా?" అని మెల్లగా అడిగేవారు. "సూడాల బాబూ, అడుగున ఉన్నాదేమో" అనేది తాపీగా. ఆ మాటతో కిలో అమ్మేసేది. కాసు కొనుక్కున్న ప్రతివాడికీ ఆ రోజు కొసరు పడింది. కమలాకుమారిగారైతే చచ్చిపోయిన మొగుడి తరఫున వచ్చి బర్మా నాణెం పట్టుకెళ్ళారు. ఆవిడ దగ్గర గవరమ్మ డబ్బు తీసుకోలేదు, పైగా రెండు రొయ్యలు వేసింది.

సీసా మాత్రం దిగుతూనే ఉంది. పదిహేను మిగిలాయి, తొమ్మిది మిగిలాయి. భూకంపం జాడే లేదు. ఆరో ఏడో మిగిలిన రోజున, గవరమ్మ పెరట్లో చేపలు కడుగుతుంటే, నేను సీసా వంచి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చాను. అరవై ఆరేళ్ళ వయసులో దొంగతనం నేర్చుకోవడం కష్టం. సీసా బల్లకి తగిలి చప్పుడైంది.

"దానికింకా వంతు రానేదు బాబూ," అంది గవరమ్మ, వెనక్కి తిరగకుండానే.

ఆఖరి రోజు రానే వచ్చింది. సీసాలో ఒక్క నాణెమే మిగిలి ఉంది. గవరమ్మ బోర్లించి నా ముందు పెట్టింది. ఫోటో తీశాను. వివరం రాయడం మొదలుపెట్టాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అసలు చదువే రాదు. నేనేం రాస్తే అదే, ఏం చదివితే అదే. 'ఒక విదేశీ టూరిస్టు ఇచ్చినది' అని రాశాను. టూరిస్టుల్ని ఏమన్నా ఎవరూ అడగరు.

"సదవండి," అంది.

శారద వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. నేను నోరు తెరిచాను. టూరిస్టు అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ మనిషి నలభై కాసులకి నలభై పేర్లు నా మొహం మీదే చెప్పింది. ఒక్కసారి కూడా ఈ నలభై ఒకటో దాని మాట ఎత్తలేదు.

"1987లో," అని మొదలుపెట్టాను, స్క్రీను మీద లేనిదంతా చదువుతూ, "హార్బరు దగ్గర ఆఫీసులో పనిచేసే గురునాథం అనే గుమాస్తా, పొద్దువాలాక, కావాలనే, పది కానాగంతలు కొని, గవరమ్మకి రూపాయని చెప్పి ఇచ్చిన సింగపూర్ నాణెం."

శారద చేతిలో గుడ్డ ఆగిపోయింది. గవరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"తప్పు రాసినారు బాబూ."

"ఏం తప్పు?"

"పది కాదు, పన్నెండు. రెండు కొసరేసినాను ఆవేళ."

నేను స్క్రీను మీదున్న టూరిస్టుని చెరిపేశాను. గవరమ్మ చెబుతూనే ఉంది.

"ఇంటికెల్లి దీపం కాడ సూస్తే కాసు మీద సేప ఉన్నాది. సేపలమ్మేదానికి సేపే ఇచ్చినాడే ఈ బాబు అని మా నూకన్న ఒకటే నవ్వడం. నాకు నవ్వు రానేదు. మీరు మంచోరనుకున్నాను. అందుకే ఏడుపొచ్చినాది. ఆవేళ్టి నుంచి మీ ఇంటికి కొసరు ఒగ్గేసినాను."

"ముప్ఫై రెండేళ్ళు," అంది శారద గుమ్మంలోంచి. "వారానికి రెండుసార్లు, తడవకి నాలుగు. పదమూడు వేల పైచిలుకు నెత్తళ్ళు. ఒక్క రూపాయికి నా నోటి దగ్గర తీసేశారండీ మీరు."

"నన్ను క్షమించు గవరమ్మా," అన్నాను. జీవితంలో ఆఫీసరుకి తప్ప ఇంకెవరికీ అనని మాట అది. జేబులోంచి అయిదు వందలు తీశాను.

"చల్, పెట్టండి లోపల. ఇన్ని కాసులు అమ్మిపెట్టినారు, మీకాడ పైసలేటి?" అంది. "ఏటి కావాల ఇయాల?"

"నీ ఇష్టం."

కానాగంతలు కిలో తూచింది. తూకం సరిగ్గా నిలబడేదాకా ఆగింది. శారద పట్టిన పళ్ళెంలో పోసింది. తరవాత బల్ల మీదున్న ఆ సింగపూర్ నాణెం తీసి, చీర కొంగుతో ఒకసారి తుడిచి, చేపల పైన పెట్టింది.

"కొసరు," అంది.