అలల మీదికి తాడు విసిరిన లోకనాథం బావ

నిన్న పొద్దున్న పూండి నుంచి ఫోన్. లోకనాథం బావ ఇక లేడట.

మొన్న పలాసలో డయాలసిస్ చేయించుకుని వస్తూ కూడా ఫోన్‌లో నన్ను ఆటపట్టించాడు. ఆ మనిషి లేడంటే ఎలా నమ్మను? నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది.

మాది టెక్కలి, వాడిది పూండి అవతల సముద్రపు ఒడ్డు. చుట్టరికం ఏమీ లేదు. హైస్కూల్లో ఒకే బెంచీ, బావా అన్న పిలుపు అలా ఉండిపోయింది.

యాభైల నాటి మాట. వాళ్ల నాన్న తెప్ప ఒడ్డుకి దగ్గర్లోనే తిరగబడింది. ఒడ్డు నుంచి తాడు విసిరారు గానీ గాలికి వెనక్కి వచ్చేసింది. ఆయన దక్కలేదు.

అప్పటి నుంచి బావకి ఒకటే పిచ్చి. కరెంటుతో తాడు విసిరే మెషీన్ చెయ్యాలి.

కాయిల్‌లో కరెంటు పారితే అది ఇనుమును లోపలికి లాక్కుంటుందని సైన్స్ మాస్టారు చూపించారు. ఇంకేం, వెదురు గొట్టం చుట్టూ రాగి తీగ చుట్టేశాడు. తీగకి తీగ తగలకుండా, వలలకి పూసే జీడిపెంకుల నూనె పూశాడు. ఆ నూనె తగిలి ఇద్దరి చేతులూ బొబ్బలెక్కిపోయాయి. పలాస లారీ షెడ్డులో కాళ్లావేళ్లా పడి బ్యాటరీలు తెచ్చాం.

స్విచ్ నొక్కితే ఇనుప కడ్డీ గొట్టంలోకి దూసుకెళ్లేది, మధ్యలో అటూ ఇటూ ఊగి ఆగిపోయేది. ఎన్నిసార్లు చేసినా అంతే. బావ స్విచ్ వదిలితేగా! వలతాడు పట్టి పెరిగిన చెయ్యి, వదలడం దానికి చేతకాదు.

చివరికి వాడికే వెలిగింది.

"మద్దికి రాగానే ఒగ్గీయాల బావా. ఒగ్గకపోతే అదే ఎనక్కి లాగేత్తాది."

ఆ సాయంత్రం ఒడ్డున, కడ్డీ మధ్యకి రాగానే స్విచ్ వదిలాడు. కడ్డీ వెనకాల సన్నతాడు ఈడ్చుకుంటూ ఎగిరి మొదటి అల నురగలో పడింది. తెప్పల దాకా పోతుందని మా లెక్క. నాకు నవ్వొచ్చింది. చూడ్డానికి వచ్చిన వాళ్లూ నవ్వేశారు.

వాళ్లమ్మ నవ్వలేదు. నీళ్లలోకి దిగి ఆ తాడు కొస పట్టుకుంది.

"మీ అయ్య ఇక్కడే పోనాడురా. ఇంత దూరమే."

బావ వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాడు.

తర్వాత పలాసలో మోటార్లకి వైండింగ్ చేసుకుంటూనే బతికాడు. షాపుకి ఎప్పుడెళ్లినా ఆ కథే, ఆ నవ్వే.

బావా, నిన్నటి నుంచి నీ ఫొటో చేతిలోంచి దించలేదు. ఇంట్లోవాళ్లు అన్నం తినమన్నా దించలేదు. ఇప్పుడు ఆ కడ్డీ గురించి నువ్వన్న మాటే గుర్తొస్తోంది.

నువ్వెళ్లిన చోట సముద్రం నెమ్మదిగా ఉండాలి. మీ నాన్న పక్కన నీకు శాంతి దొరకాలి.

ఒగ్గీత్తన్నాను బావా. ఎల్లిరా.