ఛానల్‌కొక క్లిప్పు

మొన్న పలమనేరులో మా బంధువుల పెళ్లికి వెళితే, ఫొటోలవాళ్ల డ్రోన్ ఒకటి భోజనాల పంక్తి మీదుగా తలలకు తగిలేంత కిందికి వచ్చి పోతూ ఉంది. అందరూ నవ్వుతూ చేతులూపారు గానీ నేను తినడం ఆపేసి లేచాను. పక్కనే కూర్చున్న మా అక్క కూడా విస్తరి ముందునుంచి లేచిపోయింది.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాన్ని తేలిక చెక్కతో నెలల తరబడి చేసుకోవలసి వచ్చేది. మదనపల్లెలో మా బావ, అంటే అక్క భర్త, పూనుకుని ఓ చిన్న క్లబ్బు పెడితే, ఆదివారాలు పుంగనూరు దారిలో ఒక బీడులో కలిసేవాళ్లం. రెండు రిమోట్లు ఒకే రేడియో ఛానల్ మీద ఉంటే, ఒకరు ఆన్ చేయగానే రెండోవారి విమానం అదుపు తప్పేది. అందుకని బావ ఛానల్‌కొక బట్టల క్లిప్పు చొప్పున ఒక పలకకు తగిలించి, క్లిప్పు చేతికొచ్చినవాడే రిమోట్ ఆన్ చేయాలని కట్టుబాటు పెట్టాడు. చూడవచ్చినవాళ్లు సున్నపు గీత దాటకూడదు, విమానం దించేముందు కేక వేయాలి.

కుప్పం నుంచి వచ్చే మిత్రుడొకడు, ఓ ఆదివారం బస్సు ఆలస్యమైన ఆత్రంలో, బ్యాటరీ ఉందో లేదో చూద్దామని క్లిప్పు తీసుకోకుండా దూరంగా నిలబడే రిమోట్ ఆన్ చేశాడు. అప్పుడు అదే ఛానల్ మీద గాలిలో ఉన్నది బావ విమానం. అది తిరగబడి గీత వెనకున్న జనం మీదికి దూసుకొస్తుంటే, బావ "పండుకోండప్పా, అందరూ పండుకోండి!" అని అరుస్తూ దానికి అడ్డంగా పరుగెత్తాడు. జనంలో ఎవరికీ ఏమీ కాలేదు. బావ కుడికన్ను పోయింది.

ఆ మిత్రుడు ముఖం చెల్లక రావడం మానేశాడు. కట్టు విప్పిన వారంలోనే బావ నన్ను వెంటబెట్టుకుని కుప్పం వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి, "యాల రాకుండా ఉండావప్పా? నువ్వు ఇంట్లో కూసుంటే నా కన్ను తిరిగొస్తాదా?" అన్నాడు. అతను బావ చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత వచ్చేవాడు గానీ మళ్లీ రిమోట్ ముట్టలేదు. ఒంటికన్నుకు దూరం అందక బావా ఎగరేయలేదు. ఇద్దరూ పలక దగ్గర కూర్చుని క్లిప్పులు ఇచ్చేవాళ్లు. అక్క మాత్రం అతనితో ఏళ్లపాటు ఒక్క మాటా మాట్లాడలేదు. పోయినేడు బావ పోయినప్పుడు అతను వచ్చి వాకిట్లోనే తల వంచుకుని నిలబడిపోతే, అక్క ఏడుస్తూనే చూసి, "ఆడ నిలబడొద్దప్పా, లోపలికి రా" అంది.

ఇప్పటి రిమోట్లు తమ ఛానల్‌ను తామే వెతుక్కుంటాయట, ఒకరిది ఒకరికి అడ్డం రాదట. మంచిదే, ఇంకెవరి కన్నూ పోకూడదు. ఆ బీడు నిండా ఇప్పుడు ప్లాట్ల రాళ్లు. ఎగరేసే ముందు పక్కవాణ్ణి అడిగి, అతను సరేననేదాకా ఆగిన ఆ ఆదివారాలు మాత్రం మా తోడివాళ్లతోనే ఒక్కటొక్కటిగా వెళ్లిపోతున్నాయి.